భోపాల్ నుంచి అమ్మకు

తెలంగాణ ఎక్స్‌ప్రెస్, బేతూల్ దాటాక

అమ్మా,

నువ్వు కట్టిచ్చిన సర్వపిండి నాగ్‌పూర్ రాకముందే అయిపోయింది. సగం మా ఎదురు సీటాయన తిన్నాడు. మంచిర్యాల జవాను, సెలవు అయిపోయి ఝాన్సీకి పోతున్నాడు. నేను సైన్యంలో ఆఫీసరయ్యేందుకు ఎన్‌డీఏ రాతపరీక్ష గట్టెక్కి ఎస్‌ఎస్‌బీ బోర్డు ఇంటర్వ్యూకి పోతున్నానని నాయిన చెప్పగానే నన్ను ఎగాదిగా చూశాడు. "మంచి ఆఫీసరంటే ఎట్లుంటడన్నా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మేం తిన్నమా లేదా చూసి అప్పుడు తను తింటడు చెల్లే, గంతే" అన్నాడు. అప్పటినుంచి నువ్వే గుర్తొస్తున్నావు. మన ఇంట్లో అందరి కంచాలు చూశాక చివరికి కూర్చునేది నువ్వే కదా.

నా టికెట్ థర్డ్ ఏసీ. మొదటిసారి వచ్చేవాళ్లకు ఆ చార్జీ బోర్డే తిరిగి ఇస్తుంది. నాయినది స్లీపర్. అందుకే పగలంతా వచ్చి ఆయన పక్కనే కూర్చున్నా. సాత్పురా కొండలు, సొరంగాలు, వాన. ఎంత పచ్చగా ఉందో చూడమందామంటే నాయిన కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. బొగ్గు బాయిలో నైట్ షిఫ్ట్ దిగి, స్నానం చేసి నేరుగా రైలెక్కిన మనిషి. లేపబుద్ధి కాలేదు.

భోపాల్, లాడ్జిలో

రాత్రి స్టేషన్ బయట పెద్ద పంచాయితీ అయింది. ఆటో అతను మూడు వందలు అన్నాడు. నాయిన వంద అన్నాడు. వాన దంచుతోంది. "ఇచ్చేద్దాం నాయినా" అంటే వినడే! "రైలు చార్జీ బోర్డు ఇస్తది, ఆటో చార్జీ ఎవడిస్తడు బిడ్డా?" అని నన్నే నిలదీశాడు. గోదావరిఖని హిందీలో ఆయన, భోపాల్ హిందీలో అతను వాదించుకుని నూటయాభైకి ఒప్పుకున్నారు. ఎక్కి కూర్చుంటే లాడ్జి ఇంతలోనే వచ్చేసింది. నాయిన పడుకునే దాకా ఆ యాభై గురించే గొణిగాడు.

తడిసినందుకు గొంతు పట్టేసింది. అర్ధరాత్రి నాయిన ఎక్కడో టీ కొట్టు వెతికి, గ్లాసులో వేడినీళ్లు తెచ్చి పుక్కిలించమన్నాడు. పొద్దునకి కాస్త నయం. ఇక్కడ అటుకుల ఉప్మా మీద సన్న కారప్పూస చల్లి, పక్కన వేడి జిలేబీ పెడతారు. తమ్ముడు ఇక్కడే పుట్టి ఉంటే జిలేబీ కోసమే లేచేవాడు, పొద్దున లేపే బాధ నీకు తప్పేది. ఊళ్లోని పెద్ద చెరువు కూడా చూశాం, బాగుంది.

సెలక్షన్ సెంటర్, మొదటి సాయంత్రం

ఫోన్లు తీసేసుకున్నారు, ఇక ఈ ఉత్తరమే దిక్కు. స్క్రీనింగ్‌లో నా నంబరు పిలిచారమ్మా! బుర్రకు పదునుపెట్టే ప్రశ్నలు, ఆ తర్వాత ఒక మసక బొమ్మ. 30 సెకన్లు చూడాలి, 4 నిమిషాల్లో కథ రాయాలి, ఆపైన గుంపులో కూర్చుని అందరూ ఒక్క కథకి రావాలి. గుంపంతా ఒకేసారి అరిస్తే ఎవరి కథా ఎవరికీ వినబడదు.

శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మాయి నంబరు పిలవలేదు. ఆమె ఈ సాయంత్రమే వెనక్కి పోవాలి. ఏడ్చి, మొహం కడుక్కుని, తన గొంతు మాత్రలు నా చేతిలో పెట్టి, "నువ్వు బాగా చెయ్యి" అంది. నాకు అన్నం సయించలేదు. వచ్చిన సంతోషం కూడా అక్కడే ఆగిపోయింది.

అక్కడే, మర్నాడు

పొద్దునంతా రాతే. బొమ్మలకు 12 కథలు. వాటిలో చివరిది ఖాళీ కాగితం, మనమే ఊహించుకోవాలి. తర్వాత 60 మాటలు, ఒక్కోదానికి 15 సెకన్లు. ఆపైన 60 సందర్భాలు, అరగంట. కోచింగ్‌లో బట్టీ పట్టిన వాక్యాలు ఈ వేగానికి ఆగవు. మనిషి లోపల ఏముందో అదే కాగితం మీదికి వస్తుంది.

చివర్లో, మీ అమ్మానాన్నలు మీ గురించి ఏమనుకుంటారో రాయండి అన్నారు. నీ మాటలే రాశాను: "చెప్పిన మాట వినదు, పట్టిన పని విడవదు." రాస్తుంటే ఇల్లు ఎంత గుర్తొచ్చిందో! బోరింగ్ దగ్గర బిందెలు, చెల్లె జడలు, నువ్వు లేని రోజు నేను వండిన ఉప్పెక్కువైన పప్పు, దాన్ని నోరెత్తకుండా తిన్న నాయిన.

సాయంత్రం ఇంటర్వ్యూలో మీ నాన్న ఏం చేస్తారని అడిగారు. భూగర్భ గనికి, ఓపెన్‌కాస్ట్‌కి తేడా అడిగారు. పైకప్పు కూలకుండా బోల్టులు ఎట్లా దిగ్గొడతారో, గాలి ఎట్లా లోపలికి పంపుతారో నాయిన అన్నం తింటూ చెప్పిందంతా చెప్పాను. ఆ ఆఫీసరు శ్రద్ధగా విన్నారు. నాయిన పని గురించి అంతసేపు గర్వంగా మాట్లాడే అవకాశం నాకు ఇంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

అక్కడే, గ్రౌండు పని అయ్యాక

మోకాళ్లు దోక్కుపోయాయి, గొంతు పూర్తిగా పోయింది, మనసు మాత్రం తేలిగ్గా ఉంది. పలకలు, తాళ్లు, పీపాలతో అడ్డంకులు దాటాలి, గుంపంతా దాటాలి. మాలో అందరికంటే మెల్లగా మాట్లాడే అమ్మాయికే దారి తెలిసింది, ఎవరూ వినలేదు. నేను పలక కింద పెట్టి, "ముందు ఈమె చెప్పేది విందాం" అన్నాను. దాటాం. జవాను అన్న చెప్పింది ఇక్కడ నాకు అర్థమైంది. ముందు పక్కనున్నవాళ్లను చూసుకోవడమే ఈ ఉద్యోగం. దానికి తయారీ ఇంట్లోనే మొదలవుతుంది.

రేపు కాన్ఫరెన్స్. ఎంపికైతే ఆ తర్వాత మెడికల్. మేనత్త "ఆడపిల్లకు పటాలమేంది" అని మళ్లీ అంటే ఇది చెప్పు: 2021 దాకా అమ్మాయిలను ఎన్‌డీఏ పరీక్షే రాయనీయలేదు. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు రాయనివ్వమని చెప్పింది, నవంబరులో మొదటిసారి రాశారు. ఆ మొదటి జట్టులో 17 మంది 2025 మేలో ఖడక్‌వాస్లాలో చదువు ముగించి, పరేడ్ చేసి బయటికొచ్చారు.

నా ఫలితం ఏదైనా ఒక పని చెయ్యమ్మా. చెల్లెను పొద్దున ఐదింటికి లేపి గ్రౌండుకు పంపు. నేను పదహారేళ్లకు మొదలుపెట్టాను, తను ఇప్పుడే మొదలుపెట్టాలి. ఎవరేమన్నా ఆపకు.

నీ బిడ్డ