రంగం ఓడలో ఎవరెవరు వచ్చారు?

మా లమ్మడాలో ఇప్పటి పిల్లలు యాంగోన్ అంటారు. మా పెద్దవాళ్ళకు ఇది ఎప్పుడూ రంగమే. కాకినాడలోనో, విశాఖలోనో, భీమిలిలోనో పొగఓడ ఎక్కి, డెక్కు మీద చాప పరచుకుని వచ్చినవాళ్ళం మనం. బియ్యపు మిల్లుల్లో పని ఉంటే రావడం, అయిపోతే చాలామంది వెనక్కి పోవడం. మేస్త్రీ బాకీ తీరనివారు ఉండిపోవడం.

1896లో బొంబాయిలో బయటపడిన ప్లేగు 1905లో రంగం చేరింది. అది కోరంగీలు తెచ్చిన జబ్బని మనవాళ్ళను ఆడిపోసుకునేవారట. నిజానికి ఎలుకకు టిక్కెట్టు అక్కరలేదు. ఎలుక మీది మిన్నల్లు దాన్ని మనిషికి అంటిస్తాయని సిమో అనే ఫ్రెంచి వైద్యుడు 1898లోనే కరాచీలో చూపించాడు. బియ్యం బస్తాలున్న రేవు ఎలుకకు అత్తవారిల్లు! కాని ఓడ దిగేటప్పుడు నిలబెట్టేది మనిషిని, బస్తాను కాదు. మా తాతగారి జబ్బ మీద టీకా మచ్చలు ఎన్నో. వచ్చినప్పుడల్లా గీకేవారని నవ్వేవారు.

1941 డిసెంబరు 23న బాంబులు పడ్డాయి. లక్షలాది జనం నడక పట్టారు. మా అమ్మ మేనమామ ప్రోము మీదుగా టౌంగుప్ కనుమ దారిలో వెళ్ళాడు. అంతమందికి అవే నీళ్ళు, అవే మజిలీలు. ఆ దారిలో కలరా చెలరేగింది. ఆయన ఇల్లు చేరలేదు. తాతగారు లమ్మడా వదల్లేదు, మేము మిగిలాం.

అందుకే 2020 మార్చిలో మాకు తెలివి ఉందనుకున్నాం. 23న ఇక్కడ మొదటి కోవిడ్ కేసులు రెండు బయటపడ్డాయి, ఇద్దరూ విదేశాల నుంచి తిరిగొచ్చినవారే. 25న ఉగాది. సింగపూరు నుంచి అబ్బాయి బయలుదేరతానంటే వద్దన్నాం. అమ్మ రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడోనాడు అంది: "వాడికి జబ్బుందని ఎవరు చెప్పారురా? మా మావయ్యకీ బయలెల్లినప్పుడు లేదు."

దానికి మా దగ్గర జవాబు లేదు. నెలాఖరుకు విమానాలూ ఆగిపోయాయి.

ఆగస్టులో సిట్వేలో జబ్బు మళ్ళీ లేచి, కొద్దివారాల్లో మా ఊరికి వచ్చింది. టౌంగుప్ ఉన్న రఖైన్ రాష్ట్రమే అదీ! మేము మూసింది ఒక తలుపు మాత్రమే. 2021 జులైలో ఆక్సిజన్ సిలిండరు కోసం వరసలో నిలబడ్డాం. నిలబడ్డవాళ్ళం నిలబడే ఉన్నాం, ఇంట్లో అమ్మ పోయింది. గడప దాటని మనిషికి అది ఎవరివల్ల వచ్చింది? బజారుకు వెళ్ళి వచ్చేది మేమే.

అబ్బాయి ఫోనులోనే చూశాడు. 2022లో విమానాలు మొదలయ్యాక వచ్చి, టీకా కాగితాలు బల్లమీద పెట్టి, మామ్మ కుర్చీ ఎక్కడుందని అడిగాడు. మేడ మీదకు మార్చామని చెప్పాం.