నల్లగొండ షెడ్డులో పాత జీపు పునరుద్ధరణ

అమెరికాలో పుట్టిన పాత మోటారు బండ్లలో దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతానికి బాగా తెలిసింది జీపు. ప్యాకార్డ్, బ్యూక్ వంటి పెద్ద కార్లు కలిగినవాళ్ల ఇళ్లకే పరిమితం. హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో 1930 నాటి రోల్స్ రాయిస్, మార్క్ 5 జాగ్వార్‌ల సరసన ఒక ప్యాకార్డ్ కూడా ప్రదర్శనలో ఉంది. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెలు ఎరిగిన అమెరికా బండి వేరు. పోలీసు, తహసీల్దారు, సమితి బీడీఓ, ప్రాజెక్టు ఇంజనీరు ఊళ్లోకి వచ్చి దిగింది జీపులోంచే. ఈ జిల్లాల్లో పాత అమెరికన్ బండిని బాగుచేసి నడుపుకోవాలన్న సరదా ఉన్నవారికి అందుబాటులో ఉన్నదీ అదే.

1940 వేసవిలో అమెరికా సైన్యం 135 కంపెనీలను తేలికైన ఫోర్‌వీల్ డ్రైవ్ బండి చేసిపెట్టమని అడిగింది. పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ, కార్ల్ ప్రాబ్‌స్ట్ గీసిన నమూనాతో, ఆ సెప్టెంబరులోనే మొదటి బండిని అప్పగించింది. పెద్ద ఎత్తున తయారుచేసే పని మాత్రం ఓహయో రాష్ట్రం టొలీడోలోని విల్లీస్ ఓవర్‌లాండ్‌కు, ఫోర్డ్‌కు దక్కింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోపు విల్లీస్ సుమారు 3,60,000, ఫోర్డ్ సుమారు 2,80,000 జీపులు చేశాయి. రెండింటి భాగాలూ ఒకదానికొకటి సరిపోయేవి. తన భాగమేదో తెలియడానికి ఫోర్డ్ బోల్టు తల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టేది.

మన దేశంలో జీపుల కూర్పు మొదలుపెట్టిన కంపెనీ 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో ఏర్పడింది. అందులో భాగస్వామి మాలిక్ గులాం మహమ్మద్ అంతకుముందు నిజాం కొలువులో ఆర్థిక సలహాదారు, ఆ తర్వాత పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి. 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మారిన ఈ కంపెనీ 1949లో బొంబాయి మజగావ్‌లో విల్లీస్ జీపులను కూర్చడం మొదలుపెట్టింది. 1948 పోలీసు చర్య తర్వాత సైన్యం, పోలీసు క్యాంపుల వెంట జీపు నల్లగొండ పల్లెల్లోకి వచ్చింది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ పనులు, 1959లో ఏర్పడిన పంచాయతీ సమితులు దాని వాడకాన్ని ఇంకా పెంచాయి. విల్లీస్ 1953లో తెచ్చిన సీజే3బి అనే ఎత్తు బానెట్ రకం అమెరికాలో 1968లో ఆగిపోయినా, మహీంద్రా దాన్ని ఆ తర్వాత దశాబ్దాల పాటు చేస్తూనే ఉంది. ఇప్పుడు ఈ వైపు షెడ్లకు వచ్చే పాత జీపుల్లో ఎక్కువ భాగం ఈ వంశానివే.

నల్లగొండ పట్టణం అంచున అలాంటి షెడ్డు ఒకటి ఉంది. చూడడానికి అది ట్రాక్టర్ల షెడ్డే. ముందు రేకుల పందిరి, వెనక లేతు మిషను, గోడ వెంట కమాన్ పట్టీల కట్టలు. లోపల ఒక మూల, నాలుగు స్టాండ్ల మీద, చక్రాలు తీసేసిన సీజే3బి నిలబెట్టి ఉంది. ప్రభుత్వ వేలంలో ఎవరో కొన్నది, చేతులు మారి, చివరకు ఒక రైతు బావి దగ్గర చాలాకాలం పడి ఉండి ఇక్కడికి చేరింది. దాన్ని బాగుచేస్తున్న మేస్త్రీ ట్రాక్టర్ పని మీద బతుకుతూ, తీరిక దొరికినప్పుడల్లా జీపు పని చేస్తాడు. కొత్తగా చేరిన పిల్లలకు ఆయన మొదట చెప్పే మాట: "పానా వెయ్యకముందే ఫొటో తియ్యాలె. విప్పినంక యాదికుండదు." విప్పిన ప్రతి భాగానికి చీటీ కట్టి, బోల్టులను డబ్బాల్లో విడివిడిగా పెట్టడం ఆ షెడ్డు పద్ధతి. డబ్బాల్లో ఒకదానిలో ఎఫ్ అక్షరం ఉన్న బోల్టులు రెండు కనిపించాయి. యుద్ధకాలపు ఫోర్డ్ జీపు నుంచి ఎప్పుడో ఎవరో తీసి బిగించినవి. వాటినీ శుభ్రం చేసి దాస్తున్నారు.

విప్పడం అయ్యాక మొదట చూసేది చాసిస్, బాడీ. సముద్ర తీరంతో పోలిస్తే ఈ పొడి గాలిలో తుప్పు తక్కువ. అయినా మట్టి, నీళ్లు నిలిచే చోట్లు ఉంటాయి. వెనక చక్రాల పైభాగం, కాళ్లు పెట్టే నేల, నేల కింద అడ్డంగా వెళ్లే టోపీ ఆకారపు పట్టీలు ముందుగా పాడవుతాయి. యుద్ధకాలపు జీపుల్లో ఆ పట్టీల లోపల చెక్క కూడా ఉండేది. అది నీళ్లు పీల్చి ఇనుమును లోపలి నుంచే తినేసేది. టింకరింగ్‌లో మంచి మేస్త్రీ పుట్టీతో లోపం కప్పడు. చిల్లుపడ్డ రేకును కోసి, అదే మందం రేకు వెల్డింగ్ చేసి, సుత్తితో వంపు తెస్తాడు. ఆ తర్వాతే ప్రైమర్.

రంగు ఏదో తేల్చడానికి ఊహ అక్కర్లేదు. సీటు కింద, ఎండ తగలని చోట, నీళ్లలో తడిపిన సన్న ఎమరీ కాగితంతో చేతి వేలంత మేర రుద్దితే పొరలు ఒకదాని చుట్టూ ఒకటి బయటపడతాయి. ఈ బండి మీద పైన తెలుపు, దాని కింద ముదురు ఆకుపచ్చ, అన్నిటికంటే అడుగున బూడిద రంగు ఉన్నాయి. బండి ఎన్ని శాఖల చేతులు మారిందో ఆ పొరలే చెబుతాయి. ఆ చిన్న మేరను రంగు వేయకుండా అలాగే ఉంచాలని షెడ్డులో నిర్ణయించారు. చేయదగిన పని అది. రంగు కొత్తదైనా బండి చరిత్రకు సాక్ష్యం మిగులుతుంది.

ఇంజన్ విషయానికి వస్తే, యుద్ధకాలపు జీపులో ఉన్నది 2,199 సీసీ, 60 హార్స్‌పవర్ గల నాలుగు సిలిండర్ల గో డెవిల్. దాని వాల్వులన్నీ బ్లాకులోనే ఉంటాయి. సీజే3బిలోని హరికేన్ ఇంజన్‌కు గాలి లోనికి తీసుకునే వాల్వులు హెడ్డులోకి మారాయి. దానితో ఇంజన్ ఎత్తు పెరిగి బానెట్‌నూ పైకి లేపాల్సి వచ్చింది. సిలిండర్లు అరిగితే బోర్ చేయించి పెద్ద సైజు పిస్టన్లు, రింగులు వేస్తారు. వాల్వులు గ్రైండింగ్ చేస్తారు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు పైపులను, పంపు డయాఫ్రమ్‌ను పాడుచేస్తుంది కాబట్టి వాటి బదులు ఇథనాల్‌ను తట్టుకునే రకం వేస్తారు. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయరు. ఈ జిల్లా నీళ్లలోని ఉప్పు గొట్టాల్లో గార కడుతుంది.

ఇంజన్‌కు ప్రాణం పోసే పని చాలా చిన్నది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్లు పూర్తిగా తెరుచుకునేదాకా ఇంజన్‌ను చేత్తో తిప్పి, మధ్యలో ఫీలర్ గేజ్ రేకు పెడతారు. అంగుళంలో వెయ్యింట ఇరవై వంతుల సందు ఉండాలి. రేకు సన్నగా పట్టి జారితే సరి. వదులుగా పోయినా, ఇరుక్కున్నా మరను కొద్దిగా తిప్పి మళ్లీ చూడాలి. ప్లగ్గుల సందు వెయ్యింట ముప్ఫై. తీగలు 1, 3, 4, 2 వరసలో బిగించాలి. ఆ షెడ్డులో ఈ పని ట్రాక్టర్లు బాగుచేసే పిల్లల చేతికి ఇచ్చి నేర్పుతున్నారు. డీజిల్ మాత్రమే ఎరిగిన తరానికి పెట్రోలు ఇంజన్ నాడి తెలిసేది ఇలాగే.

బ్రేకులు డ్రమ్ములు, హైడ్రాలిక్‌వి. వీల్ సిలిండర్ల రబ్బర్లు, గొట్టాలు కొత్తవి వేయడంలో పొదుపు చూడకూడదు. హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉన్న డ్రమ్ము ద్వారా జాయింట్ షాఫ్టును ఆపుతుంది. అక్కడ నూనె కారితే బ్రేకు పట్టు పోతుంది. మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే అది వేయాలి.

పాత జీపుల విషయంలో తేల్చుకోవాల్సిన పెద్ద ప్రశ్న డీజిల్ ఇంజన్. పెట్రోలు భారమై ఎన్నో జీపులకు యజమానులు డీజిల్ ఇంజన్లు వేయించారు. పొలం పనికి అది సరైన నిర్ణయమే. అభిరుచితో నిలుపుకునే బండికి అసలు ఇంజన్ తిరిగి చేర్చడమే మేలు. చట్టం కూడా ఆ వైపే ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో చెప్పుకోదగ్గ మార్పు లేకుండా అసలు రూపంలో ఉన్న రెండు, నాలుగు చక్రాల బండ్లే వింటేజ్ కిందికి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పునర్నమోదుకు 5,000 రూపాయల రుసుము. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. అలాంటి బండిని రోజువారీ ప్రయాణానికి, కిరాయికి వాడకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పరిశోధన, మరమ్మతు, ఇంధనం కోసం మాత్రమే రోడ్డెక్కాలి. మామూలు రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉన్న జీపుకు ఈ హద్దు ఉండదు. కనుక పని మొదలుపెట్టకముందే ఇంజన్, చాసిస్ నంబర్లు కాగితాలతో సరిచూసుకోవడం మొదటి జాగ్రత్త.

బాగైన జీపును అనుభవించడానికి ఈ రెండు జిల్లాలు తగిన చోటు. నల్లగొండ నుంచి నాగార్జునసాగర్, దేవరకొండ కోట, రాచకొండ గుట్టలు, మహబూబ్‌నగర్ నుంచి కోయిల్‌కొండ కోట, పిల్లలమర్రి ఒక్క పూటలో పోయిరాదగ్గ దూరాలే. గంటకు అరవై కిలోమీటర్లు దాటకుండా, అద్దం బానెట్ మీదికి మడిచి పోవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నాలు మానుకోవాలి. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బండి ఆగుతుంది. అప్పుడు పంపు మీద తడిగుడ్డ చుట్టి కాసేపు ఆగితే చాలు. దారిలో ఎదురయ్యే పెద్దమనుషులు తాము ఎక్కిన జీపు గురించి చెబితే వినడం, రాసిపెట్టుకోవడం కూడా ఈ అభిరుచిలో భాగమే. ఏ బండి ఏ కార్యాలయంలో పనిచేసిందో, ఏ భాగం ఎప్పుడు మారిందో ఒక పుస్తకంలో నమోదు చేసి బండితోపాటు ఉంచితే, తర్వాత దాన్ని అందుకునేవాళ్లకు పునరుద్ధరణ పని సగం తేలికవుతుంది.