మైకు పట్టుకుని మూసీ వెంట

అనంతగిరి కొండల్లో మాటతో అడిగే సిటీ గైడ్ యాప్‌కు పెద్ద పనిలేదు. వికారాబాద్ దాటాక మూసీ పుట్టే ఈ అడవిలో నీటి పాయ సన్నం, సిగ్నల్ ఇంకా సన్నం. చాలా యాప్‌లలో మన మాట నెట్ గుండా సర్వర్ దాకా పోయి అక్షరాలై తిరిగి రావాలి. అందాకా మైకు గుర్తు ఎంత నొక్కినా లాభం లేదు. కొండ దిగొచ్చే వాళ్లను అడగడమే నయం.

గండిపేటకు వచ్చేసరికి యాప్‌కు మాటలొస్తాయి. గండిపేట అన్నా, ఉస్మాన్ సాగర్ అన్నా ఒకే చోటికి దారి చూపిస్తుంది. 1908 నాటి మూసీ వరద భయంతోనే 1920లో ఈ జలాశయం, 1927లో ఈసీ నది మీద హిమాయత్ సాగర్ వచ్చాయి. ఆ కథ కూడా చెప్పించుకోవచ్చు గానీ ఒక్కో ప్రశ్నే వేయాలి. "దారి చెప్పు, ఎవరు కట్టారో చెప్పు, పక్కన చాయ్ ఎక్కడ దొరుకుతుంది" అని ఒక్క గుక్కలో అడిగితే ఏదో ఒకటి పట్టుకుని మిగతావి వదిలేయొచ్చు.

"మూసీ వెంట తీసుకెళ్లు" అంటే మాత్రం తెల్లమొహం వేస్తుంది. దానికి తెలిసింది బండి పోయే రోడ్డు, మ్యాప్ మీద గుచ్చిన చుక్క. నదేమో రోడ్డూ కాదు, చుక్కా కాదు. కాబట్టి బాపూఘాట్, పురానాపూల్, నయాపూల్, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్, నాగోల్ అని ఆగాల్సిన చోట్లు మనమే వరసగా చెప్పాలి. అప్పుడు కొంచెం అటూ ఇటూగా నది పక్కనే నడిపిస్తుంది.

పురానాపూల్ 1578 నాటిది. హైదరాబాద్ నగరం పుట్టింది 1591లో. ఊరికంటే ముందు వంతెన! దాని మీద కూరగాయలమ్మే వాళ్ల కేకల మధ్య ఫోను నోటి దగ్గర పెట్టుకుని నాలుగు ముక్కల్లో అడగాలి.

ఆగాల్సింది నయాపూల్ దగ్గర. ఒక గట్టున హైకోర్టు, ఎదుటి గట్టున ఉస్మానియా ఆస్పత్రి. "దగ్గర్లో చూడాల్సినవి ఏమున్నాయి?" అంటే సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ వేళలతో సహా చదువుతుంది. ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఊసెత్తదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊళ్లు ముంచేస్తుంటే ఆ చెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారంటారు. ఎక్కువగా జనం స్టార్లు ఇచ్చిన చోట్లే ఆ జాబితాలో పైకి వస్తాయి. ఆస్పత్రి చెట్టుకు స్టార్లెవరిస్తారు? "ఉస్మానియా ఆస్పత్రి చింతచెట్టు" అని పేరుపెట్టి అడిగితే మాత్రం గడగడా చెప్పేస్తుంది. నగరం గురించి ముందే కాస్త తెలిసినవాడికే ఈ గైడు బాగా పనికొస్తాడు. కొత్తవాళ్లు ముందుగా ఆస్పత్రి గేటు దగ్గర ఒక పెద్దాయన్ని పట్టుకోవడం మేలు.

నాగోల్ దాటితే మురుగునీటితో పచ్చగా పెరిగే గేదెల గడ్డి, ముక్కు మూసుకునే వాసన. యాప్ ఏమీ అనదు. వలిగొండ, ఆపైన సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు గబగబా దాటిపోవచ్చు.

చివర వాడపల్లి. అక్కడ మూసీ కృష్ణలో కలుస్తుంది. ఉత్త వాడపల్లి అంటే ఫోను కోనసీమ వాడపల్లి వెంకన్న గుడికి దారి తీసినా తీస్తుంది. "దామరచర్ల మండలం, వాడపల్లి" అనాలి. అప్పుడు మిర్యాలగూడ మీదుగా తీసుకెళ్తుంది.