తెల్లగడ్డా? వెల్లుల్లా?



మీ పెరటిలో నాలుగడుగుల చోటున్నదా? అది లేకున్నా, ఒక మట్టి తొట్టి ఉంటే చాలు. ఈ దీపావళి వెళ్ళిన తరువాత అందులో వెల్లుల్లి నాటి చూడండి. తెలుగు చదువుల గురించి వ్రాసే అయ్యవారు సేద్యంలోకి దిగాడేమని ఆశ్చర్యపడవద్దు. ఈ రెండింటి నడుమ నేను చేసిన తప్పు ఒకటున్నది. దానిని మీతో చెప్పుకోవాలనే ఇది వ్రాస్తున్నాను.

మాది తమిళనాడులో, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న హోసూరు ప్రాంతం. ఇక్కడి తెలుగువారు నిన్న మొన్న వచ్చినవారు కారు. తరతరాలుగా ఈ నేలనే దున్నుకొని బ్రతుకుతున్నవారు. 2006 నాటి చట్టంతో తమిళం ఒకటవ తరగతి మొదలుకొని ఏటేటా పై తరగతులకు తప్పనిసరి పాఠ్యాంశమైనది. ఉన్న రాష్ట్రపు భాష నేర్వవలసినదే, అందులో సందేహం లేదు. కాని తెలుగుకు మిగిలిన కొద్ది గంటలలో ప్రతి నిమిషమూ విలువైనది. అటువంటి నిమిషాన్ని ఒకనాడు నేనే పాడుచేశాను.

ఐదవ తరగతిలో వంటింటి వస్తువుల పేర్లు చెప్పమన్నాను. ఒక బాలిక ఉత్సాహంగా లేచి "తెల్లగడ్డ" అన్నది. "అది తప్పమ్మా, వెల్లుల్లి అనాలి" అన్నాను. తరగతి అంతా నవ్వింది. "మా అవ్వ తెల్లగడ్డనే అంటుంది సార్" అని మెల్లగా చెప్పి కూర్చున్నది. ఆపై కొన్ని వారాలపాటు తెలుగు గంటలో ఆమె నోరు విప్పలేదు. ఏదైనా అడిగితే తమిళంలో బదులిచ్చేది.

ఆలోచించిన కొద్దీ నాకు సిగ్గు వేసింది. మా వైపునా, చిత్తూరు పల్లెలలోనూ ఉల్లి ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ. తెలంగాణలో దీనినే ఎల్లిగడ్డ అంటారు. వెల్లుల్లి అన్న మాటలోనూ మొదట ఉన్నది తెలుపే. కన్నడిగుల బెళ్ళుళ్ళి, తమిళుల వెళ్ళైప్పూండు కూడా ఆ తెలుపునే చెబుతాయి. మా అమ్మ జీవితాంతం తెల్లగడ్డ అనే అన్నది. నాలుగు పుస్తకాలు చదివి నేనే మరచిపోయాను.

దీపావళి సెలవులు ముగిశాక ఆ అవ్వను మా ఇంటికి పిలిచి, పిల్లలను పెరటిలో చేర్చాను. ఆనాటి గురువు ఆమెయే. పిల్లలు ఆమె మాటలను ఆమె అన్నట్లే వ్రాసుకున్నారు. గడ్డను రెబ్బలుగా విడదీసి, లావైనవే ఏరమన్నది. "పొట్టు తీయొద్దు నాయనా, మొన పైకుండాల" అన్నది. బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన మడిలో, అంగుళమున్నర లోతున, జానెడులో సగం ఎడంగా నాటించింది. నీరు నిలిస్తే రెబ్బ కుళ్ళుతుంది కనుక మడిని కొంచెం ఎత్తుగా కట్టించింది.

పది రోజులలో మొలకలు కనిపించాయి. పుష్యమాసపు చలిలో ఆకు చక్కగా ఎదిగింది. ఆకులు పసుపుబారి వాలగానే నీరు ఆపివేశాము. ఉగాదికి ముందు త్రవ్వి, నీడలో ఆరబెట్టాము.

ఒక పిల్లవాడి మొక్కకు రెబ్బలు లేని గుండ్రని గడ్డ ఒకటే వచ్చింది. వాడి ముఖం చిన్నబోయింది. నాటిన రెబ్బ చిన్నదైనా, చలి చాలకపోయినా అట్లా జరుగుతుంది. "పారేయొద్దు, వచ్చే ఏడు దాన్నే నాటు, అప్పుడు పాయలు కడతాది" అన్నది అవ్వ. వాడు దానిని జేబులో భద్రపరచుకున్నాడు.

ఆరిన గడ్డలను ఆకులతోనే జడగా అల్లి కట్టాము. మనుమరాలు ఒక చీటీపై రెండు పేర్లూ వ్రాసి దానికి తగిలించింది. తెల్లగడ్డ పైన, వెల్లుల్లి క్రింద. తరువాత చాలా రోజులకు నన్ను తెలుగులో ఒక ప్రశ్న అడిగింది:

"సార్, పరీక్షలో ఏది రాయాల?"

"రెండూ తెలుగేనమ్మా. పరీక్షలో వెల్లుల్లి అని వ్రాయి. అవ్వతో మాత్రం తెల్లగడ్డ అనే అను" అన్నాను.

ఆ జవాబు నాకే పూర్తిగా తృప్తినివ్వలేదు. దిద్దేవారు మరొకరైతే ఏమి చేస్తారోనన్న భయంతోనే అట్లా చెప్పాను. అందుకే మీలో ఉపాధ్యాయులైన వారికి ఒక మనవి. బిడ్డ ఇంటి మాటను తప్పని కొట్టివేయకండి. ఆ మాటను అట్లే ఉండనిచ్చి, పుస్తకపు మాటను దాని ప్రక్కన చేర్చండి. ఇంటి మాటకే చోటు లేదని తోచిన బిడ్డ, తెలుగులో మాటలాడడమే మానుకోవచ్చు. నేను దానిని కళ్ళారా చూశాను.

ఇక తల్లిదండ్రులారా, రెబ్బలు నాటేనాడు ఇంటిలోని పెద్దవారిని తప్పక కూర్చోబెట్టండి. దాని పేరు పిల్లలకు ముందుగా వారినే చెప్పనివ్వండి.