ఇటలీలో అర్థమైన ఇరానీ ఛాయ్

చార్మినార్ పక్కన దొరికే ఛాయ్ రుచి తెలియడానికి నేను ఇటలీ దాకా వెళ్లి రావాల్సి వచ్చింది. నవ్వకండి. పుట్టిందీ పెరిగిందీ హైదరాబాద్‌లోనే. కాకపోతే కూకట్‌పల్లి వైపు. ఓల్డ్ సిటీ అంటే మా ఇంట్లో పెళ్లి గాజులకి లాడ్ బజార్, రంజాన్‌లో హలీమ్. అంతే.

పోయినేడాది ఆఫీస్ పని మీద మూడు వారాలు మిలాన్‌లో ఉన్నాను. మా టీమ్‌లోనే ఉండే ఫ్రెండ్ ఒకడు కూడా వచ్చాడు. వాడిది శాలిబండ. ఒక శనివారం ఇద్దరం రైలెక్కి, రెండు గంటల దూరంలో ఉన్న సోంద్రియో ఊరికి వెళ్లాం. వాల్తెల్లినా అనే లోయ అది. ఆల్ప్స్ కొండవాలు మీద రాతి గోడలు కట్టి, మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు పెంచారు. ఒక చిన్న షాపులో చీజ్, వైన్ కలిపి రుచి చూపిస్తున్నారంటే లోపలికి వెళ్లాం.

అక్కడి కొండ చీజ్ పేరు బిట్టో. ఎండాకాలం ఆవుల్ని పైన పచ్చిక మైదానాలకి తోలుకెళ్లి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడే తయారు చేస్తారు. ఆవుపాలలో 10 శాతం వరకు మేకపాలు కలపొచ్చు. కనీసం 70 రోజులు మాగబెట్టాలి. కొన్నిటిని పదేళ్లు కూడా ఉంచుతారట. దానికి జోడీ, అదే లోయలో పండే నెబ్బియోలో ద్రాక్షతో చేసిన రెడ్ వైన్.

ముందు వైన్ ఒక్కటే తాగితే నేరేడుపండు తిన్నట్టు నాలుకంతా వగరు. తర్వాత చీజ్ ముక్క తిని మళ్లీ తాగాను. వగరు సగం పోయింది! వైన్‌లో ఉండే టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్‌ని పట్టుకుంటాయి, అందుకే నోరు పిడచకట్టుకుపోతుంది. చీజ్‌లోని ప్రోటీన్, కొవ్వు మధ్యలో అడ్డం పడితే ఆ పట్టు వదులుతుంది. ఉప్పు ఇంకొంచెం మెత్తబరుస్తుంది. జోడీ అంటే ఇంతే. ఒకదాని లోటు ఇంకొకటి తీర్చడం.

మా వాడి ముందు మాత్రం బ్రెడ్డు, మంచినీళ్లు. నేను అప్పటికే ఊపు మీదున్నాను. "ఒక్క సిప్పేగా, ఇక్కడ ఎవరు చూస్తారు?" అన్నాను. వాడు నవ్వి "నక్కో యార్" అన్నాడు. సరే, చీజ్ అయినా తిను అని ప్లేటు జరిపాను. "పాలు దేంతో విరగ్గొట్టారో అడుగు" అన్నాడు. అడిగితే తెలిసింది, దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో అని. అప్పటిదాకా నాకూ తెలీదు. (ఇటలీ వెళ్లే శాకాహారులూ, మీరూ ఈ ప్రశ్న అడగండి.)

తిరుగు రైల్లో వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏం మాట్లాడలేదు. తప్పు నాదేనని తెలుసు. సారీ మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

హైదరాబాద్ వచ్చాక ఒక శనివారం రాత్రి మెసేజ్ పెట్టాడు. "రేపు పొద్దున ఆరున్నరకి చార్మినార్ రా. ఏం తినకుండా రా."

ఆ టైమ్‌కి ఓల్డ్ సిటీ వేరేలా ఉంటుంది. షటర్లు ఇంకా ఎత్తలేదు. పావురాలు, ఊడ్చేవాళ్లు, తోపుడు బళ్లు సర్దుకునేవాళ్లు. 1591 నాటి మీనార్ల మీద అప్పుడే ఎండ పడుతోంది. మక్కా మసీదు పక్కనే నిమ్రా కేఫ్ ముందు మాత్రం జనం. లోపల్నుంచి వేడివేడి బిస్కెట్ల ట్రేలు వస్తున్నాయి.

"ముందు ఛాయ్ ఒక్కటే తాగు" అన్నాడు. తాగాను. చిక్కగా, బాగా తియ్యగా ఉంది. చివర్లో సన్నగా వగరు. "ఇప్పుడు ఉస్మానియా కొరుకు. మళ్లీ ఛాయ్." ఈసారి ఆ తీపి ముఖం మొత్తకుండా సరిగ్గా కుదిరింది. బిస్కెట్‌లో చక్కెరతో పాటు ఉప్పు కూడా తగులుతుంది కదా, ఆ ఉప్పు చేసే పని అది.

మరి వగరు సంగతి? ఇరానీ ఛాయ్‌లో డికాషన్‌ని మూత పెట్టిన గిన్నెలో చాలాసేపు మరిగిస్తారు. పాలు వేరేగా చిక్కబడే దాకా కాస్తారు. రెండూ కలిసేది కప్పులోనే. అంత ముదురు డికాషన్‌ని లొంగదీసేది ఆ పాలే. బిట్టో చీజ్ వైన్‌కి చేసిన పని, పాలు టీకి చేస్తున్నాయి. అక్కడ ప్లేటులో ఒకటి, గ్లాసులో ఒకటి పెట్టారు. ఇక్కడ ఒక్క కప్పులో పోసేశారు.

ఈ ఛాయ్‌ని ఇరాన్ నుంచి వలస వచ్చినవాళ్లు తెచ్చారు. బిస్కెట్‌కి పేరు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నుంచి వచ్చిందంటారు. ఉస్మానియా ఆస్పత్రి నుంచని వాదించేవాళ్లూ ఉన్నారు. ఎలా వచ్చినా, ఎక్కడివాళ్లో తెచ్చిన ఛాయ్‌కి ఈ ఊరి బిస్కెట్ జోడీ అయింది.

మీరు వెళ్తే పొద్దున్నే వెళ్లండి. ట్రేలోంచి అప్పుడే దించినవి అడగండి. ఉప్పగా కావాలంటే చాంద్ బిస్కెట్, కరకరలాడాలంటే ఫైన్ బిస్కెట్. చక్కెర ముందే కలిపి ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్త. ముంచితే రెండు సెకన్లే. మూడో సెకనుకి బిస్కెట్ కప్పు అడుగున ఉంటుంది. నాది అలాగే పోయింది.

చెంచాతో దాన్ని తీసుకుంటూ, వాడి ముఖం చూడకుండానే అన్నాను. "ఆ రోజు అలా అనాల్సింది కాదు. సారీ రా."

"వైన్ తాగమన్నావని కాదు" అన్నాడు. "ఎవరు చూస్తారు అన్నావు చూడు, అది. నేను ఎవరో చూస్తారని మానేశాననుకున్నావా?"

నా దగ్గర జవాబు లేదు. వాడూ జవాబు కోసం ఆగలేదు. తన బిస్కెట్‌ని రెండుగా విరిచి సగం నా సాసర్‌లో పెట్టి, కౌంటర్ వైపు తిరిగి ఇంకో రెండు ఛాయ్ చెప్పాడు.

బిల్లు నేను కట్టాను.