లక్కబొమ్మల ఊరు... ఏటికొప్పాక

విశాఖపట్నం నుంచి సుమారు 65 కిలోమీటర్లు వెళ్తే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలోని ఈ ఊళ్లో లక్కబొమ్మల తయారీ తరతరాల విద్య. లేతు మిషను మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకు ఉలి ఆనిస్తే, పొట్టు రాలి కుంకుమ భరిణె బయటపడుతుంది. ఉలి మొద్దుబారిందా, పీచు లేస్తుంది. అందుకే సానరాయి చేతికందేంత దూరంలో ఉండాల్సిందే.

తర్వాత తిరుగుతున్న కర్రకే రంగులక్క అద్దుతారు. రాపిడి వేడికి కరిగి అంటుకున్న లక్కను మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. పసుపు, నీలి, జాఫ్రా గింజల్లాంటి సహజ రంగులు వాడిన బొమ్మల్ని పసివాళ్ల చేతికి నిశ్చింతగా ఇవ్వొచ్చు.

2017లో భౌగోళిక గుర్తింపు, 2023లో ఇక్కడి సి.వి.రాజుకు పద్మశ్రీ వచ్చాయి. కానీ అంకుడు కర్రే దొరకడం కష్టమవుతోంది. మొక్కలు నాటితేనే రేపు ఉలికి పని!