కాలాపేట దారిలో మజిలీలు

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణం నుండి కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. ఆ పదిహేను నెలల పైచిలుకు ప్రయాణంలో ప్రతి మజిలీలోనూ బస ఎట్టిదో, నీరు ఎట్టిదో, దారి ఇసుకపర్రయో రాతినేలయో ఓపికగా వ్రాసుకున్నారు. అదే చెన్నపట్టణం నుండి నూటనలభై కిలోమీటర్లయినా లేని కాలాపేటకు 2022 నవంబరులో నేను చేసిన ప్రయాణాన్ని గురించి వ్రాయదగినది ఒక్కటే: రెండు గంటల నలభై నిమిషాలలో చేరాను.

మా అమ్మాయిని పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో చేర్చడానికి వెళ్ళిన రోజది. మరక్కాణం సమీపంలో రోడ్డు ప్రక్క నీటిలో ఫ్లెమింగో పక్షుల గుంపు కనబడింది. “నాన్నా, ఒక్క అయిదు నిమిషాలు ఆపవూ” అని అడిగింది. మధ్యాహ్నం నాకు కార్యాలయంలో సమావేశం ఉన్నది. “వచ్చేటప్పుడు చూద్దాంలే” అన్నాను. వచ్చేటప్పుడు కారులో తాను లేదన్న సంగతి టోల్ గేటు దాటిన తరువాత గాని నాకు తట్టలేదు.

రెండేళ్ళ చదువు ముగిసి 2024 మే నెలలో ఆమెను ఇంటికి తీసుకురావలసి వచ్చినప్పుడు, ఈమారు తీరిగ్గా వెళ్ళాలని సంకల్పించి, రెండు రోజులు సెలవు పెట్టి, గ్రాఫు కాగితం మీద కార్యక్రమం గీశాను. మా శ్రీమతి చూసి, “ఇది విహారమాండీ, ప్లాంటు షట్‌డౌనా?” అన్నది. కాఫీకి పన్నెండు నిమిషాలు కేటాయించిన మాట నిజమే. కాగితం మడిచి లోపల పెట్టి, రోజుకు రెండు మజిలీలకు మించరాదన్న ఒక్క నియమం మాత్రం మిగుల్చుకున్నాము. ఈ దారిన పోదలచిన మిత్రులకు నేను ఇవ్వగల సలహా కూడ అదే.

తిరువాన్మియూరు నుండి తెల్లవారుజామున బయలుదేరితే సముద్రం ఎడమచేతి వైపు తోడు వస్తుంది. మామల్లపురం అందరూ చూసినదే కనుక ఆగలేదు. మొదటి మజిలీ కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రానికి చేరువలోని సద్రాస్ డచ్చికోట. భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు చూసినవారికి ఇక్కడి శిలాఫలకాల మీది చెక్కడం పాత చుట్టంలా తోస్తుంది. మేమున్న గంటసేపూ మరో యాత్రికుడు రాలేదు.

రెండవది ఆలంపరై. 1750లో డూప్లేకు బహుమానంగా లభించిన ఈ కోటను 1760లో ఆంగ్లేయులు పట్టుకొని పడగొట్టారు. మిగిలిన ఇటుక గోడలను 2004 నాటి సునామీ మరికొంత దెబ్బతీసింది. నీడ లేదు. ఎండ ముదరక ముందే చూసి రావాలి.

మధ్యాహ్నానికి కాలాపేట చేరాము. పుదుచ్చేరి ప్రాంతం ఒకే ముక్కగా లేదు. మన యానాం ఎక్కడో గోదావరి ఒడ్డున ఉన్నట్లే, కాలాపేట కూడ పట్టణానికి ఉత్తరంగా, ఒక ప్రక్క సముద్రం, తక్కిన ప్రక్కల తమిళనాడు నడుమ విడిగా ఉన్నది. 1985లో స్థాపించిన విశ్వవిద్యాలయమే ఇప్పుడు ఆ ఊరికి గుర్తు.

సాయంకాలం అమ్మాయి మమ్మల్ని తీరానికి తీసుకుపోయింది. చేర్చిన రోజున మేము ముగ్గురమూ పది నిమిషాలు కూర్చున్న ఇసుకతిన్నె కోసం వెదికాను. అది లేదు. ఒక వృద్ధ మత్స్యకారుడు అలల వైపు చేయి చాపి ఏదో చెప్పాడు. “వాళ్ళ పాత ఇల్లు అక్కడ ఉండేదట” అని అమ్మాయి తెలిగించింది. రెండేళ్ళలో తమిళం అంత బాగా వచ్చినట్లు నాకు తెలియదు.

ఇంజనీరును కనుక కారణం చెప్పకుండ ఉండలేను. ఈ తూర్పుతీరంలో ఇసుక ఏటా దక్షిణం నుండి ఉత్తరానికి నడుస్తుంది. 1980ల చివర పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన రేవు కోసం సముద్రంలోకి అడ్డుగోడలు కట్టారు. ఇసుక వాటికి దక్షిణాన నిలిచిపోయింది. ఉత్తరాన అలలు కోసుకుపోయిన ఇసుకకు బదులు రావడం ఆగింది. పట్టణం ముందు రాళ్ళు పోశారు. రాళ్ళు ఒకచోట కోతను ఆపగలవు గాని ఇసుకను పుట్టించలేవు. కోత ఉత్తరపు పల్లెల మీదికి జరిగింది. 2018లో పట్టణం ఎదుట నీటిలో కృత్రిమ దిబ్బ నిర్మించిన తరువాత అక్కడ కొంత ఇసుక తిరిగి చేరింది. రేవు కట్టిన వారు నావంటివారే, తమకిచ్చిన పనిని గడువులోపల ముగించి ఉంటారు. ఆ వృద్ధుని ముందు ఈ మాట అనడానికి నాకు నోరు రాలేదు.

మరునాడు తిరుగు ప్రయాణం. ముట్టుకాడులోని దక్షిణచిత్ర ఉదయం పది గంటలకు గాని తెరవరు, మంగళవారం సెలవు. అందుచేత దానిని తిరుగుదారికే ఉంచుకోవడం మేలు. కోస్తాంధ్ర చుట్టిల్లునూ, నల్లగొండ చేనేతకారుని ఇంటినీ అక్కడ తిరిగి నిలబెట్టారు. మా శ్రీమతి చుట్టింటి అరుగు మీదనుండి ఒక పట్టాన లేవలేదు.

అంతకు ముందే, ప్రొద్దున్నే, మరక్కాణం దగ్గర ఎవరూ అడగకుండానే కారు ఆపాను. మే నెల. మళ్ళలో నీరు ఇంకి ఉప్పు తెల్లని కుప్పలుగా పోసి ఉన్నది. పక్షులు లేవు. “అవి చలికాలంలో కదా వచ్చేది, నాన్నా” అన్నది అమ్మాయి. ఉప్పు లాగుతున్న స్త్రీలతో తమిళంలో మాట కలిపి గట్టు మీదుగా నడిచింది. మేము ఆమె వెనుక నడిచాము. తిరిగి కారు ఎక్కేసరికి గంటంబావు అయింది.